చుక్కాని గది నేల

శుక్రవారం సాయంత్రం హెక్టర్ ఇమ్రీ భోజనానికి కూర్చున్నాడు గాని, తల మీది టోపీ తియ్యలేదు.

నల్లటి గుండ్రటి గట్టి టోపీ అది. లీష్‌మన్ ఓడల యార్డులో ఫోర్మన్లు తప్ప ఇంకెవరూ పెట్టుకోరు. గుమ్మం దాటగానే దాన్ని కొక్కేనికి తగిలించడం ఆయన అలవాటు. పక్క కొక్కేనికి ఇవాళ అల్లుడి కోటు వేలాడుతోంది. అందుకే తగిలించలేదని కూతురు నెట్టాకి అర్థమైంది. మొన్నమొన్నటిదాకా ఆ టోపీ, ఆ కోటు ఒకదాన్నొకటి ఆనుకుని వేలాడినవే.

నెట్టా ఓట్స్ పిండిలో దొర్లించి వేయించిన హెర్రింగ్ చేపలు తండ్రికి రెండు, మొగుడికి రెండు వేసింది. ఉడికిన బంగాళాదుంపల గిన్నె బల్లకి సరిగ్గా నడుమ పెట్టింది. ఈ మూడు వారాలుగా గిన్నె ఎవరికి దగ్గరగా ఉందన్నది కూడా ఆ ఇంట్లో పెద్ద వ్యవహారమైపోయింది.

"నెట్టా, మీ నాన్న దగ్గర ఉప్పుందేమో అడుగు," అన్నాడు లాక్లన్.

ఉప్పు డబ్బా హెక్టర్ మోచేతి పక్కనే ఉంది. లాక్లన్ చెయ్యి చాస్తే అందుతుంది.

"అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు. యార్డులో అందరి పనులూ తనే చేసేస్తున్నాడు గదా, ఆ ఉప్పు కూడా తనే అందుకోమను," అన్నాడు హెక్టర్.

నెట్టా లేచి ఉప్పు డబ్బా తీసి మొగుడి కంచం పక్కన పెట్టింది. ఆ పని ఎవరిదో ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో తగువు లేకుండా మిగిలిన పని అదొక్కటే.

ఇంతకీ ఈ గొడవంతా ఒక గది నేల గురించి. నవ్వొచ్చే సంగతే. కానీ పోర్ట్ గార్వీ ఊళ్ళో ఇప్పుడు ఎవరైనా నవ్వి చూడండి, ఎముకలు మిగలవు.

నది ఒడ్డున వాలు మీద, పెద్ద ఓడల్ని లాగే టగ్గు పడవ ఒకటి తయారై కూర్చుంది. దాని చుక్కాని గది నేలపలకల్ని ఓడ వడ్రంగులు పరిచారు. అప్పటికి గదికి గోడల్లేవు. ఆరుబయట గాలిలో, వానలో పరిచిన పలకలు గనక అది డెక్కు పనేనని, డెక్కు పని తమదేనని వాళ్ళ మాట. వాళ్ళ ఫోర్మన్ హెక్టర్. తర్వాత గోడలు లేచాయి, పైకప్పు పడింది. గది అంటూ అయ్యాక లోపలి చెక్క పనంతా గది వడ్రంగులది. లాక్లన్ పర్డీ వాళ్ళలో ఒకడు. ఈలోగా వానకి పలకలు ఉబ్బి, తలుపు నేలకి రాచుకుని మూతపడటం మానేసింది. చిత్రిక పట్టి కాస్త చెక్కితే సరిపోయేది. ఒక పూట పని. ఆ చిత్రిక ఎవరి చేతిలో ఉండాలన్నది తేలక మూడు వారాలు గడిచాయి.

రెండు సంఘాలూ రెండు చోట్ల కూడాయి. మేనేజరు కారుథర్స్ ఇద్దరికీ తల ఊపాడు. అల్లుడూ మామా ఒకే కప్పు కింద తింటూ, ఒకే మెట్లు దిగి ఒకే గేట్లోకి పోతూ, మాట్లాడుకోవడం మానేశారు. మాటలన్నీ నెట్టా ద్వారానే.

నిన్న గురువారం లాక్లన్‌కి విసుగు పుట్టింది. విసుగు పుట్టినవాడు ఇంటికొచ్చి పడుకోవచ్చు. అలా కాక, అందరూ టీ తాగుతున్న వేళ పైకెక్కి, ఆ పలకలన్నీ పీకేసి ఒక పక్కన చక్కగా పేర్చిపెట్టాడు. పలకలే లేకపోతే తగువే ఉండదని అతని లెక్క. తీరిగ్గా ఎవరు కావాలంటే వాళ్ళు మళ్ళీ వేసుకోవచ్చనుకున్నాడు.

టీ అయి వచ్చిన ఓడ వడ్రంగులు అది చూసి పనిముట్లు కింద పెట్టేశారు. వేసింది మేము, పీకే హక్కూ మాదే, గది వడ్రంగి మా పని మీద చెయ్యి వేశాడు అని, ఒక్కడు మిగలకుండా గేటు దాటి వెళ్ళిపోయారు. పడవని నీళ్ళలోకి దింపేది వాళ్ళే. రేపు శనివారం మధ్యాహ్నం నదిలో పోటు నీళ్ళు నిండేసరికి పడవ దిగాలి.

"పీకడం కూడా ఒక పనేనా?" అని నెట్టా నిన్న రాత్రి మొగుణ్ణి అడిగింది.

"నేనూ అలా అనుకోలేదు," అన్నాడు లాక్లన్. పాపం, నిజంగానే అనుకోలేదు. తను సంధి చేస్తున్నాననుకున్నాడు.

నెట్టా పెళ్ళికి ముందు ఆ యార్డు నక్షాల గదిలో పనిచేసింది. పెన్సిలు నక్షాల మీద పల్చటి బట్ట పరిచి సిరాతో గీతలు దిద్దేది. ఇలాంటి చుక్కాని గదులు ఎన్నిటికో నేల గీసింది. ఏ గీత మీదా ఇది ఫలానావాడి చెయ్యి అని రాసి లేదు. చెక్క చెక్కే, గీత గీతే. మూడు వారాలుగా ఎంత ఆలోచించినా ఆమె బుర్రకి ఎక్కనిది అక్కడే. నాన్న చెప్తుంటే నాన్నది న్యాయంగా ఉంటుంది. లాక్లన్ చెప్తుంటే లాక్లన్‌ది న్యాయంగా ఉంటుంది. ఇద్దరూ పక్కనలేనప్పుడు ఇద్దరూ వెర్రివాళ్ళే అనిపిస్తుంది.

బంగాళాదుంపల గిన్నె చల్లారుతుండగా మేనత్త టీనీ తలుపు తోసుకుని వచ్చింది. కింద వాటాలో ఉంటుంది. హెక్టర్‌కి అక్క. చేతిలో నీలం రంగు ఆడవాళ్ళ టోపీ, దానికి ఒక పక్క ఈక.

"చర్చి పాస్టరుగారి భార్యనడిగి ఎరువు తెచ్చానే," అంది నెట్టాతో. "ఈక విరిగిందో, ఆవిడ పెట్టే మొహం నేను చూడలేను. రేపు పడవకి పేరు పెడుతున్నావా లేదా?"

ప్రయాణికుల ఓడలకైతే ముక్కు మీద సీసా పగలగొట్టి పేరు పెట్టడానికి ఎక్కడెక్కడి దొరసానులో వస్తారు. లీష్‌మన్ యార్డువి ఊరేగే ఓడలు కావు, ఊడిగం చేసే ఓడలు. బొగ్గు మోస్తాయి, బురద తోడతాయి, పెద్ద ఓడల్ని లాగుతాయి. వాటికి ఫోర్మన్ కూతురు చాలు. తనని పిలిచినప్పుడు నెట్టా ఎంత పొంగిపోయిందో ఆ ఇంటి గోడలకి తెలుసు. ఇప్పుడు టీనీ అడిగిన ప్రశ్నకి ఆమె తండ్రి వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఇద్దరూ చేప ముళ్ళు తీసుకుంటున్నారు.

"తెలీదత్తా," అంది.

"తెలీదంటే? పెట్టేదానివి నువ్వా, నేనా?"

"పడవ దిగుతుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. దిగితే నేను వెళ్ళాలో వద్దో అది కూడా చెప్పడం లేదు."

టీనీ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్ హెక్టరూ, టోపీ పెట్టుకుని తింటున్నావేంరా, నీ నెత్తి మీద వాన పడుతోందా? పిల్ల అడుగుతుంటే నోరు విప్పవే?"

హెక్టర్ నమిలింది మింగి, యార్డు గేటు బయట తన మనుషులు నిలబడి ఉండగా తన కూతురు లోపలికెళ్ళి సీసా కొడితే, తను రేపట్నించి ఏ మొహం పెట్టుకుని వాళ్ళ మధ్య తిరగాలో ఆవిణ్ణే చెప్పమన్నాడు. లాక్లన్ కంచంలోకి చూస్తూ, సీసా కొట్టకపోతే ఈ యార్డుకి తాళమేనన్నాడు. టగ్గు కొన్న రేవు వాళ్ళు దీని తర్వాత బురద తోడే డ్రెడ్జరు కట్టే పని ఇస్తామన్నారు. రేపటి పోటు తప్పితే అంత నీళ్ళు మళ్ళీ ఎప్పటికో. అప్పటిదాకా వాళ్ళు ఆగరు, ఆ పని అవతలి ఒడ్డు యార్డుకి ఇచ్చేస్తారు. ఇందులో కొత్త ఏమీ లేదు, ఊరంతా ఇదే అంటోంది. ఆ తర్వాత అతను అన్నదే కొత్త.

"రేపు పడవ దిగకపోతే నేను సోమవారం బెల్‌ఫాస్ట్ పోతున్నా నెట్టా. అక్కడ పనుంది. నువ్వు నాతో వస్తావో, మీ నాన్న దగ్గరే ఉంటావో నువ్వే తేల్చుకో."

 టీనీ చేతిలో ఈక ఊగింది.

 ఈ తగువు ఏదో ఒకనాటికి తేలుతుంది, ఉప్పు డబ్బాలు మళ్ళీ వాటంతటవే అటూ ఇటూ తిరుగుతాయి అని నెట్టా ఇన్నాళ్ళూ అనుకుంది. ఇద్దర్లో ఒకరిని పట్టుకుని ఇంకొకరిని వదిలెయ్యాల్సి వస్తుందని ఆమెకి తోచనే లేదు.

హెక్టర్ లేచి, కంచం తీసుకుని తొట్టి దగ్గరికి నడిచాడు. అటు తిరిగే అన్నాడు.

"అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు. పెళ్ళాన్ని తీసుకుపోయేవాణ్ణి నేను ఆపనని."

నెట్టా చెప్పలేదు. లాక్లన్ అక్కడే ఉన్నాడు, విన్నాడు. విననట్టు లేచి, కోటు తగిలించుకుని బయటికి వెళ్ళాడు. ఎక్కడికో చెప్పలేదు.

టీనీ టోపీని బల్ల మీద పెట్టి, "మగాళ్ళు," అని మాత్రం అని కిందికి దిగిపోయింది.

నెట్టా గిన్నెలు కడుగుతుంటే హెక్టర్ తుడుపు గుడ్డ అందుకున్నాడు. నెట్టా తల్లి పోయాక ఎన్నడూ ఆయన ఆ గుడ్డ ముట్టుకోలేదు. ఇది ఎవరి పని నాన్నా అని అడగబోయి నాలుక కరుచుకుంది.

"నువ్వెటు నాన్నా?" అనడిగింది చివరికి. "నువ్వు ఫోర్మన్‌వి. సంఘంలో లేవు. వాళ్ళతో పాటు బయటికి రావక్కర్లేదు. కానీ వచ్చేశావు. మళ్ళీ ఇవాళ పొద్దున్నే వెళ్ళి పడవ చుట్టూ తిరిగొచ్చావు. నాకేం అర్థం కావడం లేదు."

"నాకు మాత్రం అర్థమైందనుకున్నావా?" అన్నాడు హెక్టర్.

కాసేపు ఒకే కంచాన్ని తుడుస్తూ నిలబడ్డాడు. తర్వాత చెప్పాడు. మొన్న బుధవారానికే పడవ కింద దాని బరువు మోసే దిమ్మలు సగం తీసేశారట. బరువు సగం, నీళ్ళలోకి జారడానికి కొవ్వు రాసిన దుంగల మీదికి వచ్చేసిందట. అలా సగం వదిలిన పడవని వదిలేసి ఇంటికి రాకూడదు. ఉంటే ఉంటుంది. లేకపోతే ఎవరికీ చెప్పకుండా పోతుంది. పోయేటప్పుడు పక్కకి ఒరిగితే దాని నడుం విరుగుతుంది, కింద ఎవరైనా ఉంటే వాళ్ళదీ విరుగుతుంది.

"మరి గెడెస్‌కి తెలీదా ఆ సంగతి?" గెడెస్ ఓడ వడ్రంగుల సంఘ నాయకుడు.

"తెలుసు. తెలిసే వెళ్ళాడు. నేను బతిమాలతానని అనుకుంటున్నాడు. నేను ఎవర్ని బతిమాలాలి? వాళ్ళనా? దాన్నా?"

ఆ ఇంట్లో సంవత్సరాలని ఎవరూ అంకెలతో చెప్పరు. నెట్టా పుట్టింది రంగూన్ పడవ కట్టిన ఏడాది. తల్లి పోయింది యుద్ధంలో నీటి మందుపాతరలు ఏరే ట్రాలర్లు ఒకదాని వెనక ఒకటి దిగుతున్న శీతాకాలం. లాక్లన్‌తో పెళ్ళి బురద పడవ దిగిన నెలలో. ఆ పడవలన్నీ ఇప్పుడెక్కడెక్కడ ఉన్నాయో హెక్టర్‌ని అడిగితే చెప్తాడు. ఏది మునిగిందో, ఏది ఇనుప ముక్కలైందో, ఏది ఇంకా ఏ నదిలో పొగ ఊదుతోందో అన్నీ ఆయనకి కావాలి.

నెట్టాకి రంగూన్ పడవ గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆ కథ అడిగి అడిగి చెప్పించుకునేది. దాన్ని ఇక్కడ పూర్తిగా కట్టారు, కానీ రివెట్లు కొట్టలేదు, మరలతో బిగించారంతే. తర్వాత మొత్తం విప్పి, ప్రతి రేకు మీదా, ప్రతి పలక మీదా తెల్ల రంగుతో గుర్తులేసి, పెట్టెల్లో సర్ది రంగూన్ పంపించారు. అక్కడ ఎన్నడూ దాన్ని చూడనివాళ్ళు ఆ గుర్తులు చూసి మళ్ళీ కట్టుకున్నారు.

"నాన్నా, రంగూన్ పడవ విప్పినప్పుడు నేలపలకలు ఎవరు పీకారు?"

హెక్టర్ చెయ్యి ఆగింది.

"పెట్టెలు తీసుకెళ్ళే ఓడ గ్లాస్గోలో ఆగి ఉంది," అన్నాడు మెల్లగా. "టైం లేదు. ఎవరు దొరికితే వాళ్ళం విప్పాం."

"అందరూనా? గది వడ్రంగులు కూడానా?"

"అందరం." కంచం పెట్టేశాడు. "అది వేరు."

ఎలా వేరో చెప్తాడని నెట్టా ఎదురుచూసింది. ఆయన తనకి తాను కూడా చెప్పుకోలేకపోయాడేమో, తుడుపు గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి తన గదిలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు కూడా టోపీ తియ్యలేదు.

శనివారం నెట్టా నిద్ర లేచేసరికి ఇంట్లో ఇద్దరూ లేరు. తండ్రి పెందరాళే పోతాడని తెలుసు. లాక్లన్ ఎక్కడికి పోయాడో తెలీదు. బెల్‌ఫాస్ట్ ఓడ టికెట్టు కోసమేమో అనుకుంది. అలా అనుకోగానే చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టేసింది, మళ్ళీ ముట్టుకోలేదు.

యార్డు నుంచి కబురేమీ లేదు. పడవ దిగుతుందని ఎవరూ చెప్పలేదు, దిగదనీ చెప్పలేదు. పొద్దు ఎక్కేకొద్దీ జనం మాత్రం మంచి బట్టలేసుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని గేటు వైపు పోతున్నారు. టీనీ వచ్చి నీలం టోపీ ఆమె తల మీద పెట్టి, పిన్నులు గుచ్చింది. ఒక పిన్ను నెత్తికి తగిలినా నెట్టాకి తెలియలేదు.

"నేను వెళ్తున్నానా అత్తా?"

"కాళ్ళు నీవి. నడువు. దారిలో తేల్చుకుందువుగాని."

గేటు దగ్గర వీధికి అటు గది వడ్రంగులు, ఇటు ఓడ వడ్రంగులు. జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో సగంమంది బావలూ బావమరుదులే. ఒకే వీధుల్లో కాపురాలు, ఒకే చర్చి, ఒకే బీరు దుకాణం. లాక్లన్ కోసం అటువైపు వెతికింది. లేడు. తండ్రి కోసం ఇటువైపు వెతికింది. ఆయనా లేడు.

గెడెస్ ఎదురొచ్చాడు. పొడుగాటి మనిషి, ఎర్ర మీసాలు. నెట్టా నడక నేర్చుకుంటున్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడు.

"నీ మీద మాకేం లేదమ్మాయ్," అన్నాడు. "నువ్వు ఆడపిల్లవి, పిలిచారు, వచ్చావు. కానీ లోపలికెళ్ళి సీసా కొడితే మాత్రం ఇమ్రీ ఇంటి ముందు నుంచి మేమెవరం నడవం. అది తెలుసుకుని వెళ్ళు."

"మా నాన్న ఎక్కడ గెడెస్ మామయ్యా?"

"నేనూ అదే నిన్నడుగుదామనుకున్నా."

నెట్టా లోపలికి వెళ్ళింది. పేరు పెట్టడానికి కాదు, తండ్రిని వెతకడానికి. వెతికి, నేనేం చెయ్యాలో చెప్పు అని నిలదియ్యడానికి. తన మనసులో అనుకున్నది ఇంతే. బయట నిలబడి చూసినవాళ్ళకి మాత్రం ఈక టోపీ పెట్టుకుని లోపలికి పోతున్న ఆడమనిషి కనిపించింది. ఓడ వడ్రంగుల్లో ఎవరో ఉమ్మేసిన చప్పుడు వినిపించింది.

లోపల కారుథర్స్ దొర అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. రేవు వాళ్ళు పైన ఆఫీసులో కూర్చుని ఉన్నారని, నీళ్ళు ఇంకాసేపట్లో నిండిపోతాయని, కూలీలని దిమ్మలు తియ్యమంటే అది మా పని కాదని వాళ్ళూ వెళ్ళిపోయారని, అయినా అంతా సవ్యంగానే ఉందని ఒకే ఊపిరిలో చెప్పాడు. సీసా కొట్టడానికి కట్టిన మంచె మీదికి ఎక్కమన్నాడు. మళ్ళీ ఎక్కొద్దన్నాడు. హెక్టర్ ఎక్కడున్నాడంటే, "అదే, అక్కడే, అంటే నేనేం చూడలేదు," అన్నాడు.

ఒక పక్క యార్డు గోడ, ఇంకో పక్క క్రేను, నడుమ టగ్గు నల్లగా నున్నగా వాలు మీద నిలబడి ఉంది. దాని ముక్కు దగ్గర సీసా రిబ్బనుకి వేలాడుతోంది. కొవ్వూ సబ్బూ కలిసిన వాసన. నెట్టా దగ్గరికి నడిచేకొద్దీ కింది నుంచి సుత్తి చప్పుడు వినిపించింది.

తండ్రి సుత్తి చప్పుడు ఆమెకి తెలుసు. నిదానంగా, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ నడుమ ఆయన ఊపిరి తీసుకునేంత ఎడం ఉంటుంది. ఆ ఎడంలోనే ఇంకో సుత్తి పడుతోంది. తొందర తొందరగా, తేలిగ్గా. పెద్ద సుత్తి పట్టడం అలవాటు లేని చెయ్యి.

వంగి చూసింది. పొట్ట కింద చీకట్లో రెండు జతల బూట్లు. ఒక జత ఆమె నిన్న సాయంత్రం మొగుడికి పాలిష్ చేసి పెట్టిందే.

నెట్టా గుండె ఒక్కసారి తేలికైంది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు వీపు పెట్టుకుని, ఒక్క మాటా లేకుండా, ఒకే పడవ కింద చెరో దిమ్మ కొడుతున్నారు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఇద్దరి చెవులూ పట్టుకుని బయటికి లాగాలనిపించింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. గది వడ్రంగి చేత ఓడ వడ్రంగి సుత్తి పట్టించాడని తెలిస్తే నాన్న పని అయిపోయినట్టే. పలకలు పీకిన గొడవే ఇంతయితే, ఇక దీనికి ఎంతవుతుంది? అసలు నాన్న ఒప్పుకున్నాడా? లాక్లన్ ఎందుకొచ్చాడు? బెల్‌ఫాస్ట్ వెళ్ళకుండా ఉండటానికా, వెళ్ళేముందు బాకీ లేకుండా చేసుకోవడానికా?

"కింద రెండో సుత్తి ఎవరిది?"

వెనక గెడెస్. అతని వెనక ఇంకో పదిమంది దాకా ఓడ వడ్రంగులు. గేటు బయటికి కూడా రెండు సుత్తుల చప్పుడు వినిపించి ఉంటుంది. ఆ చెవులకి ఎవరు కొడుతున్నారో తెలీదుగాని, తమవాడు కాదని మాత్రం తెలిసిపోతుంది.

నెట్టా వెనక్కి తిరిగి వాళ్ళకీ పడవకీ నడుమ నిలబడింది. మూడు వారాలుగా ఆమె నోట్లో ఉన్నవన్నీ ఇంకొకరి మాటలే. ఇప్పుడు తనది ఒక మాట కావాలి. వెతికితే ఒక్కటీ దొరకలేదు.

"నిన్నే అమ్మాయ్. ఎవరది?"

సుత్తుల్లో ఒకటి ఆగింది. హెక్టర్ గోడ వైపు నుంచి వంగి బయటికొచ్చాడు, గొడ్డలి కోసం. టోపీ లేదు. నెరిసిన జుట్టుకి కొవ్వు అంటుకుని ఉంది. తన మనుషుల్ని చూసి నిలబడిపోయాడు. లోపల రెండో సుత్తి కొడుతూనే ఉంది.

"అది పర్డీ," అన్నాడు గెడెస్. అడగలేదు, తేల్చేశాడు.

"అవును."

"నువ్వు పిలిచావా?"

"నేను పిలవలేదు. వచ్చాడు, సుత్తి తీసుకున్నాడు." హెక్టర్ చేతి వెనకవైపుతో నుదురు తుడుచుకున్నాడు. "పొమ్మని చెప్పించడానికి అమ్మాయి ఇక్కడ లేదు."

వెనక ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. గెడెస్ నవ్వలేదు. అతని మొహంలో కోపం కంటే దిగులే ఎక్కువ కనిపించింది నెట్టాకి. ఇన్నేళ్ళూ ఆ టోపీ కింద నడిచాం హెక్టర్, అన్నాడు. నీ చేతి కింద పని నేర్చుకున్నాం, మా పని మా చేతుల్లో ఉంచుకోమని నేర్పిందీ నువ్వే, ఇప్పుడు నీ అల్లుడికైతే మరోలాగా? హెక్టర్ పడవని సగం వదిలేసి ఎందుకెళ్ళావని మాత్రం అడిగాడు. నువ్వు వచ్చి ఒక్క మాట అడుగుతావని చూశానన్నాడు గెడెస్. ఒక్క మాట అడిగి ఉంటే అందరం వచ్చేవాళ్ళం అన్నాడు.

 ఇక్కడ కూడా అదేనా, అనుకుంది నెట్టా. ఈ ఊళ్ళో ఎవరికి వాళ్ళు అవతలివాడు నోరు తెరవాలని కూర్చున్నారా?

అప్పుడు పడవ మూలిగింది.

పెద్ద చప్పుడు కాదు. ఎక్కడో లోపల చెక్క చెక్కని నొక్కినట్టు, కీచుమని, సన్నగా. నెట్టాకి అది ఏమిటో తెలియలేదు. ఓడ వడ్రంగులకి తెలిసింది. పదిమందీ ఒక్కసారే ఒక అడుగు వెనక్కి వేశారు. గెడెస్ మొహం తెల్లబోయింది. క్రేను వైపు ఆసరా కర్రల్లో ఒకటి దానంతటది వదులై, మెల్లగా పక్కకి వాలి, నేల మీద పడి దొర్లింది. పడవకీ మంచెకీ మధ్య ఇందాక లేని సందొకటి కనిపించింది.

లోపల సుత్తి ఇంకా కొడుతూనే ఉంది. గది వడ్రంగికి ఆ చప్పుడు తెలీదు.

హెక్టర్ నెట్టా వైపు తిరిగాడు. "వాడికి చెప్పవే," అన్నాడు. "గోడ వైపు రమ్మను. క్రేను వైపు పోవద్దను, కర్రలన్నీ అటే పడతాయి. చెప్పు వాడికి."

నెట్టా నోరు తెరిచింది.  పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఈ మూడు వారాల్లో ఎన్ని మాటలు మోసిందో, ఇప్పుడు కావలసిన ఈ ఒక్కటీ గొంతు దాటి రానంటోంది.

హెక్టర్ ఒక్క క్షణం కూతుర్ని చూశాడు. తర్వాత గొడ్డలి పారేసి, మోకాళ్ళ మీద పడి, పడవ కిందికి తల పెట్టి గొంతు చించుకుని అరిచాడు.

"లాక్లన్. గోడ వైపు రా నాయనా. గోడ వైపు."

సుత్తి ఆగింది.

పడవ ఇంకో బెత్తెడు జారింది. చీకట్లోంచి లాక్లన్ గొంతు వినిపించింది, కాస్త విసుగ్గా, బల్ల దగ్గర కూర్చుని అడిగినట్టే.

"నెట్టా, అక్కడున్నావా? మీ నాన్న ఏదో అంటున్నాడు, ఏమిటో చెప్పు."